జర్మనీలో కొత్త కాపురం

ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో డి లైన్ ట్రామ్ ఎక్కితే, అది రైన్ నది వంతెన దాటి జర్మనీలోని కేల్ పట్టణానికి చేరుస్తుంది. 2017 నుంచి ఈ ట్రామ్ నడుస్తోంది. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి మియాపూర్‌లో దిగినంత మామూలుగా జనం సంచులు పట్టుకుని ఒక దేశం నుంచి ఇంకో దేశానికి వెళ్లొస్తుంటారు. పెళ్లయి ఏడాది తిరక్కుండానే యూరప్‌లో దిగిన మన జంటలకు ఇలాంటి సరిహద్దు మొదట్లో గొప్ప అబ్బురం. ఒక వారాంతం ప్రాగ్, ఇంకో సెలవుకు పారిస్, వేసవిలో ఆల్ప్స్ కొండలు. ఆ ఫొటోలు చూసి ఇక్కడ అమ్మానాన్నలు మురిసిపోతారు. ఆ సంతోషం నిజమైనదే. అయితే అక్కడ వాళ్ల కాపురం ఎలా సాగుతోందో ఆ ఫొటోలు చెప్పలేవు. అది తెలియాలంటే సోమవారం పొద్దున ఒకరు ఆఫీసుకు వెళ్లాక ఇంట్లో మిగిలిన రెండో మనిషి రోజు ఎలా గడుస్తోందో చూడాలి. ఆ మనిషికి అక్కడి భాష, తనదంటూ ఒక పని దొరికితేనే ఆ దేశం ఇద్దరిదీ అవుతుంది. భారతీయ నిపుణులకు ఏటా ఇచ్చే వీసాలను 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామని 2024లో ప్రకటించిన జర్మనీని ఉదాహరణగా తీసుకుంటే ఈ మాట ఎంత నిజమో తెలుస్తుంది.

ముందు ప్రయాణాల సంగతి. 1985 జూన్ 14న లగ్జెంబర్గ్‌లోని షెంగెన్ అనే చిన్న ఊరి దగ్గర, మొసెల్ నదిలో నిలిపిన ఓడ మీద ఐదు దేశాలు ఒక ఒప్పందం రాసుకున్నాయి. మన మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేద్దామన్నది దాని సారాంశం. 1995లో అమల్లోకి వచ్చిన ఆ ఏర్పాటులో ఇప్పుడు 29 దేశాలున్నాయి. హైదరాబాద్ నుంచి పర్యటనకు వెళ్లాలంటే బ్యాంకు స్టేట్‌మెంట్లు, హోటల్ బుకింగులు చూపించి, 90 యూరోల ఫీజు కట్టి వీసా కోసం ఎదురుచూడాలి. అదే జర్మనీ నివాస కార్డు చేతిలో ఉంటే, మిగతా షెంగెన్ దేశాల్లో ప్రతి 180 రోజుల్లో 90 రోజుల వరకు వీసా లేకుండా తిరగొచ్చు. ఉద్యోగికి ఏటా కనీసం నాలుగు వారాలు జీతంతో కూడిన సెలవు ఇవ్వాలని యూరోపియన్ యూనియన్ చట్టమే చెబుతోంది. 2023లో 49 యూరోలతో మొదలై, 2026 నాటికి 63 యూరోలకు చేరిన నెల టికెట్ ఒక్కటి కొంటే జర్మనీ అంతటా సిటీ బస్సులు, ట్రాములు, ప్రాంతీయ రైళ్లు ఎక్కొచ్చు. అయితే 2024 సెప్టెంబరు నుంచి జర్మనీ తన భూసరిహద్దులన్నిటి దగ్గరా మళ్లీ తనిఖీలు పెట్టింది కాబట్టి పాస్‌పోర్టు, కార్డు వెంట ఉంచుకోవాలి. అంటే, మనవాళ్లు తెగ తిరుగుతున్నారంటే దానికి మూలం అక్కడ నివసించే హక్కు, అక్కడి కార్మిక చట్టం. తిరగడం సులువు కావాలంటే ముందు అక్కడ నిలదొక్కుకోవాలి.

నిలదొక్కుకోవడం మాత్రం కాగితాలతో మొదలవుతుంది. ఇల్లు మారిన రెండు వారాల్లోపు స్థానిక కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. దానికి ఇంటి యజమాని సంతకం చేసిన పత్రం కావాలి. అద్దెలో ‘చల్లద్దె’, ‘వెచ్చద్దె’ అని రెండు లెక్కలుంటాయి. మొదటిది ఒట్టి ఇంటికి, రెండోది హీటింగు వంటి ఖర్చులు కలుపుకొని. అడ్వాన్సుగా మూడు నెలల చల్లద్దె దాకా అడగొచ్చు. చాలా ఇళ్లలో వంటగది అంటే నాలుగు గోడలే. స్టవ్వు, సింకు, అల్మరాలు అన్నీ మనమే కొనుక్కోవాలి. ఇక అపార్టుమెంటు గుమ్మం దగ్గర వరసగా పోస్టు పెట్టెలుంటాయి. చాలాచోట్ల వాటి మీద ఫ్లాటు నంబరు ఉండదు, ఇంటి పేరే ఉంటుంది. పేరు అంటించకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. బ్యాంకు కార్డు, పన్ను నంబరు, ఆరోగ్య బీమా కాగితాలు అన్నీ ఆ పెట్టెలోకే వస్తాయి. టీవీ ఉన్నా లేకపోయినా ప్రతి ఇల్లూ నెలకు 18.36 యూరోల ప్రసార రుసుము కట్టాలన్న నోటీసూ అందులోకే వస్తుంది. దాదాపు అన్నీ జర్మన్‌లోనే ఉంటాయి. ఆ ఉత్తరం విప్పేది ఎక్కువగా పగలు ఇంట్లో ఉన్న మనిషి. అందులో ఏముందో తెలియక సాయంత్రం దాకా బల్ల మీద పెట్టి ఎదురుచూసేదీ ఆ మనిషే.

ఆ మనిషి ఎక్కువగా భార్య. ఉద్యోగం భార్యది అయినప్పుడు భర్త. చట్టం ఈ విషయంలో ఉదారంగా ఉంది. నిపుణులకిచ్చే ‘ఈయూ బ్లూ కార్డు’ మీద ఒకరు వెళ్తే, వెంట వచ్చిన భార్యకో భర్తకో నివాస అనుమతితోపాటే ఏ ఉద్యోగమైనా చేసుకునే హక్కు వస్తుంది. అమెరికాలో హెచ్‌-4 వీసా మీద ఉద్యోగి భర్త వెంట వెళ్లిన వేలాది తెలుగు అమ్మాయిలు ఏం పోగొట్టుకున్నారో మనకు తెలుసు. ఇంజినీరింగ్ చదివి, ఇంగ్లిష్ ధారాళంగా మాట్లాడుతూ, పని చేసేందుకు అనుమతి లేక ఏళ్లు ఇంట్లోనే గడిపారు. 2015 తర్వాత కొందరికి ఆ అనుమతి దొరికింది, అదీ గ్రీన్‌కార్డు దారిలో భర్త కొంత దూరం నడిచాకే. జర్మనీలో కష్టం తిరగబడింది. అమెరికాలో భాష ఉంది, అనుమతి లేదు. జర్మనీలో అనుమతి ఉంది, భాష లేదు. పైగా మామూలుగా భార్యాభర్తల వీసాకు అడిగే ఏ1 అనే తొలి స్థాయి జర్మన్ పరీక్ష నుంచి బ్లూ కార్డు కుటుంబాలకు మినహాయింపు కూడా ఉంది. ఆ వెసులుబాటే చాలామందిని భాష ఊసు లేకుండా విమానం ఎక్కిస్తోంది. డిసెంబరు మధ్యలో బెర్లిన్‌లో ఎనిమిది దాటాక తెల్లవారి, నాలుగు కొట్టకముందే పొద్దుగూకుతుంది. అలాంటి నెలల్లో పనీ, పలకరింపూ లేని ఇల్లు ఎంత బరువో ఊహించుకోవచ్చు.

భాష నేర్చుకోవాలన్న మాటకు మొదటి అభ్యంతరం అందరికీ తెలిసిందే: ‘ఐటీ వాళ్లకు ఇంగ్లిష్ చాలు కదా!’ ఆఫీసులో చాలాచోట్ల చాలు. కానీ ఆ మాట ఒక రంగానికే, అందులోనూ ఉద్యోగం ముందే దొరికిన మనిషికే వర్తిస్తుంది. వెంట వచ్చినవారు నర్సు కావచ్చు, ఫార్మసిస్టు కావచ్చు, టీచరు కావచ్చు. ఆ వృత్తులకు జర్మనీలో డిగ్రీ గుర్తింపు తప్పనిసరి, దాంతోపాటు భాష కూడా బాగా రావాలి. స్థిర నివాసంలోనూ ఇదే తేడా. బ్లూ కార్డున్నవారు పింఛను చందా కడుతూ పనిచేస్తే, ఏ1 స్థాయి భాషతో 27 నెలలకు, అంతకు పైమెట్టయిన బీ1 స్థాయి ఉంటే 21 నెలలకే స్థిర నివాసానికి అర్హులు. భాష నేర్చుకున్నందుకు ఆర్నెల్లు తగ్గిస్తున్నారన్నమాట. జీవిత భాగస్వామికైతే సాధారణంగా బీ1 లేకుండా స్థిర నివాసం రాదు. ఐదేళ్లకు పౌరసత్వం అడగాలన్నా అదే మెట్టు. ఇంగ్లిష్‌తో ఒకరు ముందుకు సాగిపోతుంటే రెండోవారు గుమ్మం దగ్గరే ఆగిపోవడానికి కారణం ఇదే.

‘మేం మూడేళ్లుండి నాలుగు డబ్బులు వెనకేసుకుని వచ్చేస్తాం, ఈ తంటా ఎందుకు?’ అనేది రెండో మాట. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. కొత్త భాషకు వందల గంటలు కావాలి. అక్కడి ప్రభుత్వం నడిపే సమైక్య కోర్సులో భాషకే 600 పీరియడ్లు, చట్టాలూ సమాజం గురించి మరో 100 పీరియడ్లు ఉంటాయి. సంపాదించని భాగస్వామికి ప్రభుత్వ ఆరోగ్య బీమాలో విడిగా చందా అక్కర్లేదు, ఉమ్మడిగా పన్ను లెక్క చూపితే ఒక్క జీతం మీద పన్నూ తగ్గుతుంది. ఒకరు ఇంట్లో ఉన్నా ఇల్లు గడుస్తుంది, నిజమే. కానీ బ్లూ కార్డు ఉద్యోగానికి ముడిపడి ఉంది. ఆ ఉద్యోగం పోతే ఇంకొకటి వెతుక్కునేందుకు ఉండే గడువు కొన్ని నెలలే. అలాంటప్పుడు సంసారం మొత్తం ఒక్క తాడు మీద వేలాడటం మంచిది కాదు. ఇరవై ఆరేళ్ల వయసులో మూడేళ్లు ఖాళీగా పోతే, తిరిగొచ్చాక హైదరాబాద్‌లో కూడా ఆ ఖాళీకి జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. వెనకేసుకున్న యూరోల లెక్కలోంచి ఆ నష్టాన్ని ఎవరూ తీసేయరు.

మూడో మాట మనసుకు దగ్గరది: తెలుగు సంఘాలున్నాయి, ఉగాది చేసుకుంటాం, పక్క వీధిలో మనవాళ్లున్నారు, ఒంటరితనం ఎందుకుంటుంది? పరాయి చోట తెలుగు వినిపిస్తే ప్రాణం లేచొస్తుంది, ఆ తోడు కావాలి కూడా. అయితే ఒంట్లో బాగాలేక డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు, పిల్లను కిండర్‌గార్టెన్‌లో చేర్చినప్పుడు, రాత్రి పది తర్వాత మిక్సీ వేశామని కింది ఇంటివాళ్లు తలుపు తట్టినప్పుడు సంఘం పక్కన ఉండదు. అప్పుడు నాలుగు జర్మన్ ముక్కలే మర్యాదను కాపాడతాయి. బిడ్డ పుడితే ఈ అవసరం రెట్టింపవుతుంది. పురిటికి అమ్మ వచ్చినా వీసా గడువు మూడు నెలలే. అక్కడి చట్టం తల్లి ఒక్కతే మోయాలని అనుకోదు. తల్లిదండ్రుల భత్యం ఒక్కరే తీసుకుంటే 12 నెలలు, ఇద్దరూ సెలవు పంచుకుంటే 14 నెలలు. ఇంటి పని ఇద్దరూ పంచుకోవాలని చట్టమే ప్రోత్సహిస్తున్న దేశానికి వెళ్లి, భాష నేర్చుకునే భారం మాత్రం ఒకరి మీదే వేయడం న్యాయం కాదు. క్లాసులున్న సాయంత్రాల్లో వంట చేయాల్సింది ఆఫీసు నుంచి వచ్చిన మనిషే.

కాబట్టి ప్రయాణం కట్టేవాళ్లకు చెప్పదగింది ఒకటే. చట్టం అడగకపోయినా వీసా కోసం ఎదురుచూసే నెలల్లోనే, ఇద్దరూ కలిసి, ఏ1 మొదలుపెట్టాలి. హైదరాబాద్‌లో జర్మన్ నేర్పే గోథె కేంద్రం ఉంది, ఆన్‌లైన్ క్లాసులకు లెక్కే లేదు. పచ్చళ్లకు, పొడులకు సూట్‌కేసులో చోటు చూసుకున్నంత శ్రద్ధగా దీనికీ కొంత కాలం కేటాయించాలి. పారిస్, ప్రాగ్ ఎక్కడికీ పోవు. కింద గుమ్మం దగ్గరి పోస్టు పెట్టె మీద ఇద్దరి పేర్లూ అంటించుకుని, అందులో పడిన ఉత్తరాన్ని ఇద్దరిలో ఎవరు తీసినా అక్కడే నిలబడి చదివి అర్థం చేసుకోగలిగితే, ఆ కాపురం జర్మనీలో కుదురుకున్నట్టే.