తొలి రోజుల రక్తం చెప్పే జాతకం

తల్లి నాకుతుండగానే గొర్రెపిల్ల తడబడుతూ లేచి పొదుగు వెతుక్కుంటుంది. దాని బతుకంతా ఆ వెతుకులాటలోనే ఉంది.

గొర్రెల్లో తల్లి యాంటీబాడీలు మాయ దాటి పిల్లకు చేరవు. ముర్రుపాలతోనే అందాలి. వాటిని రక్తంలోకి పంపే పేగు దారులు దాదాపు 24 గంటల్లో మూసుకుపోతాయి. అందుకే రెండో రోజున రక్తంలో ఇమ్యునోగ్లోబ్యులిన్-జి అనే యాంటీబాడీ ఎంతుందో చూస్తే, పిల్లకు ముర్రుపాలు సరిపడా అందాయో లేదో తెలుస్తుంది. గ్లూకోజ్ బాగా పడిపోతే, ఒంటిని వెచ్చగా ఉంచే ఇంధనం నిండుకుందన్నమాట.

2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో తెలంగాణది దేశంలో మొదటి స్థానం, ఆంధ్రప్రదేశ్‌ది రెండోది. అయినా ఈ రక్తపరీక్షలకు మంద దగ్గర ల్యాబ్ ఉండదు. అందుకే పిల్ల నోట్లో వేలు పెట్టి చూడండి. చల్లగా తగిలితే వెంటనే పశువైద్యుణ్ని పిలవండి. పుట్టిన రెండు గంటల్లోపే కిలో బరువుకు 50 మిల్లీలీటర్ల చొప్పున ముర్రుపాలు తాగేలా చూడండి.