పట్టికకెక్కని రోగులు

మూత్రపిండములు రెండును చెడినవారికి ఆధారము యంత్రముచే రక్తమును వడపోయు డయాలిసిస్. లేదా మరియొకరి మూత్రపిండమును అమర్చు శస్త్రచికిత్స. డయాలిసిస్ సాధారణముగా వారమునకు మూడు పర్యాయములు, ప్రతిసారి సుమారు నాలుగు గంటలు జరుగవలెను.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానమున ఈ వ్యాధి విస్తారముగా కలదు. మూలకారణము ఇంకను తేలలేదు. అక్కడ ఊరూర పరీక్షలు జరిగినందున దాని తీవ్రత వెల్లడియైనది. అట్లని పత్తికొండ వంటి మెట్టసీమలో రోగులు తక్కువయని ఆసుపత్రి పట్టికను చూచి చెప్పవచ్చునా? చెప్పరాదు. ఆ పట్టికలో యంత్రమును చేరగలిగినవారే ఉందురు. వారమునకు మూడు దినముల కూలి మానుకొని, బస్సున కర్నూలు పోయిరాలేక ఇంటనే కన్నుమూసినవారు అందులోని కెక్కరు.

2007లో ఆరోగ్యశ్రీ, 2016లో జాతీయ డయాలిసిస్ పథకము ఏర్పడి చికిత్స పేదలకు చేరువైనది. చేరువైనకొలది పట్టికలో సంఖ్య పెరుగును. అంతమాత్రమున వ్యాధి హెచ్చినదని నిశ్చయింపరాదు. లోగడ మరణించెడివారు నేడు జీవించియుండుటయు అందులో కలదు. మరణానంతర దాతల అవయవములను సమకూర్చు జీవన్‌దాన్ జాబితాకును ఇదే న్యాయము: పేరు నమోదైనవారే అందు కనబడుదురు.

తొలిదశలో ఈ వ్యాధి బాధ తెలియనీయదు. మధుమేహము, రక్తపుపోటు కలవారు ఏటేట రక్తమున క్రియాటినిన్, మూత్రమున ఆల్బుమిన్ పరీక్ష చేయించుకొనవలెను. ముందుగా తెలిసినచో యంత్రముతోడి అవసరమును చాలకాలము దూరముంచుట సాధ్యము కావచ్చును.