వార్తల్లో పదం: బఫరింగ్

టి-ఫైబర్, భారత్‌నెట్ అంతర్జాల తంతువులు పల్లెలకు సాగుచున్న ఈ కాలమున, గోదావరీ తీరమున అభయారణ్యమును ఆనుకొనియున్న ములుగు జిల్లా ఏటూరునాగారము వంటి చోట్ల గృహిణికిని విద్యార్థికిని పరిచితమైన పదము బఫరింగ్.

రాబోవు దృశ్యమును పరికరము కొన్ని క్షణములు ముందుగానే దాచుకొనును. ఆ నిల్వ తరుగు వేగమునకు దత్తాంశము వచ్చు వేగము చాలనపుడు బొమ్మ నిలిచి తెరపై చక్రము తిరుగును; ఇదియే బఫరింగ్. హెచ్‌డీ చిత్రమునకు సెకనుకు సుమారు 5, 4కె చిత్రమునకు 15 నుండి 25 మెగాబిట్ల వేగము వలయును.

దోషమెచ్చటనో ముందు తేల్చుకొనవలెను. ఫైబర్ పెట్టెమీద ఎల్‌ఓఎస్ దీపము ఎర్రగా వెలిగినచో తంతువు వెంట కాంతి రాలేదని అర్థము. అది సర్వీసువారు సరిచేయవలసిన పని. దీపము సరిగానుండినచో, ఫోనుతో వేగమును రౌటర్ చెంత ఒకసారి, టీవీ చెంత ఒకసారి కొలువవలెను. మొదటిచోట బాగుండి రెండవచోట తగ్గినచో లోపము ఇంటి వైఫైదే. 5 గిగాహెర్ట్జ్ తరంగము వేగవంతమైనను గోడలు దాటునప్పుడు క్షీణించును; 2.4 గిగాహెర్ట్జ్ దూరము పోవునుగాని రద్దీకి లోనగును. ఇనుపబీరువా చాటునుండి రౌటరును ఎత్తైన, అడ్డులేని స్థలమునకు మార్చుట, టీవీ వెనుక నలిగియున్న స్ట్రీమింగ్ స్టిక్కును చిన్న హెచ్‌డీఎంఐ తీగతో ఈవలకు తెచ్చుట, వీలైనచో లాన్ తీగ కలుపుట నమ్మదగిన ఉపాయములు.

తెలంగాణ ప్రభుత్వ టీ-శాట్ పాఠములు ఇంటనే వినగోరు మారుమూల విద్యార్థికి అంతరాయములేని దృశ్యము విలాసముకాదు, అవసరము. అయినను కొలిచి చూడకయే హెచ్చు ధర ప్లానుకై డబ్బు వెచ్చింపరాదు.