బరువెత్తు దినము, నడచు దినము

శివరాత్రి రద్దీకి ముందే మేము కోటప్పకొండ మెట్లెక్కితిమి. నరసరావుపేటలో నిత్యము వేకువను నడచువారము గావున మాకు కొంత గర్వము గలదు. సగము దారిలో ఊపిరి చాలినది గాని మోకాళ్లు వణకినవి. మిరపచేలలో పనిచేయుదునని చెప్పిన యొక కూలిస్త్రీ చంకబిడ్డతో మమ్ము దాటిపోయినది.

సోదరీమణులారా, నడక వేరు, బలము వేరు. వేగముగా నడచుట గుండెకును ఊపిరితిత్తులకును మేలు. తొడలకు, వీపునకు, ఎముకలకు బరువు కావలయును. నడివయస్సునుండి కండరములు మెల్లగా తరుగును; ముట్లుడిగిన పిదప ఎముకలు మరింత వేగముగా పలుచబడును. పెద్దలు వారమునకు 150 మొదలు 300 నిమిషములు వేగనడక వంటి శ్రమ చేయవలెననియు, కనీసము రెండు దినములు కండరములకు బలమిచ్చు వ్యాయామము చేయవలెననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది.

"ఇంటిపని చాలదటమ్మా?" యని మా అత్తగారడిగిరి. వారి కాలమున నీళ్ల బిందెలు, రోకలి, తిరుగలి యుండెను. నేడు కుళాయి, మిక్సీ వచ్చినవి. ఆ చాకిరి పోయినందుకు మేము విచారింపము. దానితో పోయిన బలమునకు మాత్రము బదులు వెదకుకొనవలెను గదా!

మా యింటివారు బడికి కాలపట్టిక వ్రాయుచుండగా మేమును ప్రక్కన గూర్చుండి యొకటి వ్రాసికొంటిమి. సోమ, గురువారములు బరువులకు: చేతుల సాయము లేక కుర్చీనుండి లేచి కూర్చుండుట, గోడకు చేతులానించి వంగి లేచుట, లీటరు నీటిసీసాలను తలపైకెత్తుట. ఒక్కొక్కటి పదేసి మారులు, నడుమ విశ్రమించి మూడు విడతలు. పండ్రెండు మారులు సులభమైనపుడు సీసా పెద్దది చేయుదుము. బరువెత్తిన కండరము విశ్రాంతిలోనే బాగుపడి బలమొందును; అందుచేతనే ఆ రెండు దినములను వెంటవెంట నుంచలేదు. మంగళ, బుధ, శుక్ర, శనివారములు నలువదేసి నిమిషముల నడక: మాటాడగలుగునంత, పాడలేనంత వేగము. రెంటచింతల యెండ లెరిగినవారికి వేసవిలో సూర్యోదయమునకు ముందే ముగింపుడని వేరుగ జెప్పనక్కరలేదు. చుట్టములు వచ్చి నడక తప్పి, రెండును ఒకేనాడు పడినచో ముందు బరువులే యెత్తుదుము. మాకు కొరవడినది బలమే గావున. రక్తపుపోటు, కీళ్లనొప్పులు గలవారు వైద్యుని అడిగి మొదలిడవలెను.

బరువులెత్తిన స్త్రీకి మగపోలిక వచ్చునని ఇరుగుపొరుగు నవ్విరి. శ్రీకాకుళపు ఆడుబిడ్డ కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్సునందు మొత్తము 240 కిలోలెత్తి కాంస్యపతకము గొన్నదని చెప్పితిమి. మేమెత్తునది లీటరు సీసా!

ఇప్పుడు గురువారము మేము మరచినను, అత్తగారు కుర్చీని గోడకు జరిపి పిలుచుచున్నారు. తాము మాత్రము బల్ల అంచు పట్టుకొని ఆరు మారులే లేతురు.