గురక వెనక మెడ కొలత

గురక పెడుతున్నాడంటే ఒళ్లు తెలియని నిద్రలో ఉన్నాడని మన ఇళ్లలో మురిసిపోతారు. ఆ గురక ఉన్నట్టుండి ఆగి, పది ఇరవై సెకన్లు చప్పుడు లేకుండా పోయి, ఉక్కిరిబిక్కిరవుతూ మళ్లీ అందుకుంటే మాత్రం మురవడానికేమీ లేదు. అది అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ అప్నియా కావచ్చు. శ్వాస ఆగిపోవడమో బాగా తగ్గిపోవడమో గంటకు 15 సార్లకు చేరితే ఓ మోస్తరు జబ్బు, 30కి చేరితే తీవ్రమైనది.

ముక్కు వెనక నుంచి స్వరపేటిక దాకా ఉన్న గొంతుకు గట్టి ఎముకల దన్ను లేదు. తెరిచి ఉంచేది ముఖ్యంగా కండరాలే, నిద్రలో అవి సడలుతాయి. స్థూలకాయుల్లో గొంతు పక్కగోడల్లో, మెత్తటి అంగిలిలో, ఆఖరికి నాలుకలో కూడా కొవ్వు చేరి దారి ముందే ఇరుకై ఉంటుంది. ఇక గాలి పీల్చడమంటే నానిపోయిన కాగితపు స్ట్రాతో కొబ్బరినీళ్లు పీల్చినట్టే. గట్టిగా లాగేకొద్దీ గోడలు అతుక్కుంటాయి. నాలుకలో కొవ్వేమిటని తీసిపారేయకండి. బరువు తగ్గినవాళ్లలో శ్వాస మెరుగుపడటానికి అక్కడి కొవ్వు కరగడమే ముఖ్య కారణమని 2020లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎం.ఆర్.ఐ. చిత్రాలతో చూపారు.

బొజ్జ పాత్ర వేరు. వెల్లకిలా పడుకోగానే అది డయాఫ్రమ్‌ను పైకి నెడుతుంది, ఊపిరితిత్తుల్లో గాలి తగ్గుతుంది. నిండిన ఊపిరితిత్తులు శ్వాసనాళాన్ని కిందికి లాగి గొంతును బిగువుగా ఉంచుతాయి. ఆ పట్టు కాస్తా వదులవుతుంది.

కాబట్టి త్రాసు ఒక్కటే చాలదు, టేపు కూడా కావాలి. మెడ చుట్టుకొలత మగవారిలో 17, ఆడవారిలో 16 అంగుళాలు దాటితే అనుమానించాల్సిందే. మగవారికి మెడ, పొట్టల దగ్గరే కొవ్వు పేరుకోవడం వారికి ముప్పు ఎక్కువగా ఉండటానికి ఒక కారణం. బహిష్టులు ఆగాక ఆడవారికీ ముప్పు పెరుగుతుంది. దవడ చిన్నదైతే కొద్దిపాటి బరువే చాలు. ఆసియావాసుల్లో చాలామందికి ఈ చిక్కుంది. వయసు, థైరాయిడ్ లోపం సరేసరి. రాత్రి పడుకునే ముందు మందు తాగితే కండరాలు ఇంకా సడలుతాయి. నిద్రమాత్రల్లో కొన్నీ అంతే.

అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఏళ్ల తరబడి సాగిన అధ్యయనం 2000లో చెప్పిన లెక్క ఇది: బరువు 10 శాతం పెరిగినవారిలో ఈ శ్వాస అడ్డంకులు సుమారు 32 శాతం పెరిగాయి, 10 శాతం తగ్గినవారిలో 26 శాతం తగ్గాయి. బరువు తగ్గేదాకా సీపాప్ యంత్రం గాలి ఒత్తిడితో గొంతు మూసుకుపోకుండా చూస్తుంది. దానికి ముందు స్లీప్ స్టడీ చేయించాలి. డాక్టరు దగ్గరికి పక్కన పడుకునే మనిషిని కూడా వెంటబెట్టుకెళ్లండి, రోగికి తెలియని సగం కథ వాళ్ల దగ్గరే ఉంటుంది.