త్రోవలోని గేటు

పల్లెటూళ్ళలో పుట్టి పెరిగినవారికి ముండ్లకంప సంగతి తెలియకుండునా? డొంకనుండి చేనిలోనికి బండి దిగుచోట గట్టును కొంత తెగగొట్టి, ఆ సందులో తుమ్మకంపనో రేగుకంపనో అడ్డముగా పెట్టుదురు. కొందరు తడిక కట్టుదురు. దానికి తాళము లేదు, గొళ్ళెము లేదు. లోనికి పోవువాడు కంపను ఒక ప్రక్కకు లాగి, తాను దాటిన తరువాత మరల దానిచోట దానిని పెట్టవలెను. ఈ నియమము ఏ పుస్తకములోను వ్రాసియుండదు గాని, పశువులు కాయు పదియేండ్ల పిల్లవాడు సైతము దానిని ఎరుగును. అది మరచిననాడు జరుగునదియు ఎరుగును. రాత్రికి రాత్రి పొరుగువాని గేదెలు జొన్నచేనిలో పడును. తెల్లవారునప్పటికి అవి బందెలదొడ్డిలో నుండును. చేనివాడును గేదెలవాడును రచ్చబండకడ తగవులాడుచుందురు. కంప తీసి పెట్టక పోయిన బాటసారి మాత్రము ఆ తగవులో ఎచ్చటను కనబడడు. అతడు పొరుగూరు చేరి సుఖముగా నిద్రించుచుండును.

ఈ కనబడని బాటసారిని గురించియే నేను ముఖ్యముగా చెప్పదలచితిని. మన కంప సంగతివంటిదే అమెరికా సంయుక్తరాష్ట్రముల పడమటి భాగమున ఎంతో పెద్ద విషయమై, చట్టముల వరకును న్యాయస్థానముల వరకును పోయినది. అచ్చటి త్రోవలను, గేటులను, పటములను ఎరిగినచో మన ఊరి డొంకను కూడ మనము క్రొత్తచూపుతో చూడగలము.

వయోమింగు, మొంటానా, నెవాడా, యూటా మొదలగు రాష్ట్రములలో వాన తక్కువ. గడ్డి పలుచన. కొన్నిచోట్ల ఒక్క ఆవు ఏడాది పొడవునా మేయుటకు పదులకొలది ఎకరముల నేల కావలెను. మైళ్ళతరబడి పోయినను ఇల్లు కనబడదు. 1785లో చేసిన శాసనమును అనుసరించి ఆ నేలను చదరంగపు బల్లవలె కొలిచిరి. ఆరు మైళ్ళ పొడవు, ఆరు మైళ్ళ వెడల్పు గల ప్రతి చదరమును ముప్పదియారు గళ్ళుగా విభజించిరి. ఒక్కొక్క గడి మైలు చదరము, అనగా 640 ఎకరములు. ఈ గళ్ళలో కొన్ని రైతులవి, కొన్ని ప్రభుత్వమువి. నెవాడా రాష్ట్రములో ఐదింట నాలుగు పాళ్ళ నేల కేంద్రప్రభుత్వముదే. ఒక్క భూనిర్వహణశాఖవారి అధీనములోనే దేశమంతట కలిసి సుమారు 24.5 కోట్ల ఎకరములు గలవు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెండును కలిపినచో వచ్చు వైశాల్యమునకు ఇది మూడున్నర రెట్లకు మించినది.

ప్రభుత్వపు నేల ప్రజలందరిదియు గనుక వేటాడువారు, కొండలెక్కువారు, గుడారములు వేసికొనువారు అందు తిరుగవచ్చును. అదే నేలపై, రుసుము చెల్లించి అనుమతి పొందిన రైతులు తమ మందలను మేపుకొనవచ్చును. ఈ రైతుల పశుక్షేత్రములను అచ్చట ‘ర్యాంచి’ అందురు. ఒక మట్టిబాట వెంట పది మైళ్ళు పోయినచో, మొదట ప్రభుత్వపు నేల, తరువాత ఒక ర్యాంచి, మరల ప్రభుత్వపు నేల రావచ్చును. నేలను చూచి ఏది ఎవరిదో చెప్పజాలము. అంతటను అదే గడ్డి, అదే ధూళి. నడుమ నడుమ కంచెయు గేటును మాత్రమే కనబడును.

ఆ గేటులలో తీగెగేటు చాల విచిత్రమైనది. మూడు నాలుగు వరుసల ముండ్లతీగెకు నడుమ నడుమ కర్రలు కట్టి, త్రోవకు అడ్డముగా లాగుదురు. చివరి కర్ర మొదలును, కంచెగుంజకు క్రింద కట్టిన తీగె ఉచ్చులో దూర్చవలెను. పిదప భుజముతో గుంజను కౌగిలించుకొని, కర్ర కొనను దగ్గరకు లాగి, పై ఉచ్చును దానికి తగిలింపవలెను. తీయుట సులభము, మరల వేయుట కష్టము. మొదటిసారి ప్రయత్నించువానికి చొక్కా చినుగక మానదు. ఇట్టి ప్రయాస లేకుండుటకై కొన్ని త్రోవలలో ‘క్యాటిల్ గార్డు’ అను ఏర్పాటు చేసిరి. త్రోవకు అడ్డముగా గుంట త్రవ్వి, దానిపై ఇనుపకమ్ములను ఎడమెడముగా పరచుదురు. బండిచక్రము దానిపై దొర్లిపోవును. ఆవు తన గిట్ట సందులో దిగబడునని భయపడి దాటదు. మందను తోలుకొని పోవలసినప్పుడు దారి కావలెను గదా! అందుకై దాని ప్రక్కనే ఒక గేటు కూడ ఉండును.

గేటు విషయములో అచ్చటి నియమము ఒక్కటే: ఎట్లున్న గేటును అట్లే విడువవలెను. మూసియున్నచో దాటినవెనుక మూయవలెను. తెరచియున్నచో తెరచియే యుంచవలెను. ఇందు మొదటి సగము అందరికిని తేలికగా బోధపడును. ఆబోతులను ఒక కంచెలోను, చిన్న పెయ్యలను వేరొక కంచెలోను ఉంచి, దూడలు ఏ నెలలో పుట్టవలెనో రైతు ముందుగానే లెక్కచూచుకొనును. మంచు కురియు కాలములో పుట్టిన దూడ బ్రతుకుట కష్టము. ఒక్క గేటు ఒక్క రాత్రి తెరచియున్నచో ఆ లెక్క అంతయు తారుమారగును. ఇరుగుపొరుగు మందలు కలిసిపోయినచో గుఱ్ఱములపై తిరిగి, ముద్రలు చూచి, వేరుచేయుటకు దినములు పట్టును.

రెండవ సగమే బుద్ధిమంతులను సైతము మోసపుచ్చును. ‘అయ్యో, ఎవరో గేటు మరచిపోయినారు, నేను మూసిపెట్టుదును’ అని ఒక మంచివాడు మూయును. కాని రైతు దానిని కావలెననియే తెరచియుంచెను. ఈవలి కంచెలో గడ్డి యున్నది, ఆవలి కంచెలో నీళ్ళతొట్టి యున్నది. పశువులు మేసి, ఆ గేటుగుండ పోయి నీరు త్రాగి వచ్చుచున్నవి. మండుటెండలో ఆ గేటు మూతపడినచో అవి కంచెకు ముట్టెలు ఆనించి నిలుచుండును. రైతు మూడు నాలుగు దినములకు ఒకసారి వచ్చి చూచువాడైనచో తరువాతి కథ చెప్పనక్కరలేదు. ఇచ్చట అపకారము చేసినవాడు సోమరి కాడు, దయగలవాడు! అతడును మన బాటసారివలెనే తాను చేసినది ఎన్నడును ఎరుగడు.

పలు కార్లు వరుసగా పోవునప్పుడు మరియొక చిక్కు కలదు. మొదటివాడు గేటు తీసి పోవును. వెనుకవారు దానిని తెరచియున్నట్లే చూతురు గనుక తెరచియే విడిచిపోవుదురు. అందుచేత తీసినవాడే అచ్చట నిలిచి, చివరి కారు దాటువరకు ఉండి, తన చేతితో మూయవలెనని తెలిసినవారు చెప్పుదురు.

ఈ కంచెలు అచ్చట ఆదినుండి ఉన్నవి కావు. 1874లో ఇలినాయి రాష్ట్రపు రైతు జోసెఫ్ గ్లిడెన్ అనునతడు ముండ్లతీగెకు పేటెంటు పొందెను. అంతకుముందు గడ్డిబీడులు బయలుగా నుండెడివి. తీగె చౌకగా దొరకుటతో పదేండ్లు తిరుగకముందే వేలకొలది మైళ్ళు కంచెలు లేచినవి. కొందరు తమ నేలకే వేసికొనిరి. కొందరు ప్రభుత్వపు నేలను, చిన్నరైతుల నేలను, తుదకు రహదారులను కూడ కలుపుకొనిరి. 1883లో టెక్సాసులో అనావృష్టి వచ్చినప్పుడు, నీటికి దారిలేనివారు రాత్రులందు గుంపులుగా పోయి తీగెలను కత్తిరించిరి. ప్రాణములు కూడ పోయినవి. 1884లో ఆ రాష్ట్రపు శాసనసభ ఇరుపక్షములకును కళ్ళెము వేసెను. తీగె కత్తిరించుట ఘోరనేరమాయెను. పరుల నేలకు కంచె వేయుటయు నేరమాయెను. రహదారికి అడ్డముగా కంచె వేసినవాడు మూడేసి మైళ్ళకు ఒక గేటు పెట్టి, దానిని బాగుగా ఉంచవలెనని కూడ శాసించిరి. ఈ కడపటి నిబంధన నాకు మిక్కిలి నచ్చినది. గేటు త్రోవను ఆపుటకు పుట్టినదని మనమనుకొందుము. అచ్చట అది త్రోవను బ్రతికించుటకు పుట్టినది.

ఇక పటముల సంగతి. పూర్వము పటము చేయువాడు గొలుసు పట్టుకొని నేలమీద నడచెడివాడు. నడచువానికి గేటు అడ్డమువచ్చును గనుక దానిని అతడు ఎరుగక తప్పదు. నేడు చాల పటములను ఆకాశమునుండి తీసిన ఛాయాచిత్రములను చూచి గీయుచున్నారు. ఆకాశమునుండి చూచువానికి త్రోవ కనబడును, గొళ్ళెము కనబడదు. ర్యాంచి ఇంటికి పోవు సొంతబాటయు, అందరు నడచు బాటయు ఒకే గీతగా నుండును. సెల్‌ఫోను ఆ గీతను చూపి ‘ఇటు పొమ్ము’ అని చెప్పును. ఆ దేశమున లక్షలకొలది మన తెలుగువారు నివసించుచున్నారు. సెలవులలో కార్లు తీసికొని కొండలవైపు పోవు వారికిని ఆ గీతయే ఆధారము.

ఈ లోపమును తీర్చుటకు పూనుకొన్నవారిలో స్వచ్ఛందముగా పటములు గీయువారు ముఖ్యులు. 2004లో ఇంగ్లాండులో స్టీవ్ కోస్ట్ అనునతడు ప్రారంభించిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అను పటమునందు ఎవరైనను తాము చూచినదానిని చేర్చవచ్చును. త్రోవ గీతపై గేటు ఉన్నచోట ఒక చుక్క పెట్టి, అది గేటో క్యాటిల్ గార్డో, తాళము ఉన్నదో లేదో వ్రాయుదురు. త్రోవకు మాత్రము అన్నిటికంటె కష్టమైన మాట వ్రాయవలెను: దాటుటకు ఎవరికి హక్కు కలదు? మన ఊరిలో డొంకవెంట నడచుట అందరి హక్కు. పొరుగువాని గట్టుమీద నడచుట అతని మంచితనము. అతడు రేపు వలదన్నచో మానవలెను. పరుల ఇంటి పెరటిలో నడచుట ఈ రెండును కాదు. ఆ పటమునందు ఈ మూడింటికిని వేరువేరు గుర్తులు గలవు. గేటు కనబడగానే ‘సొంతనేల, పోరాదు’ అని వ్రాయువాడు తప్పుచేయును. ఏలననగా ప్రభుత్వపు బీడులోనే మందలను వేరుచేయుటకు పెట్టిన గేటులు ఎన్నియో గలవు. వానిని తీసికొని నిరభ్యంతరముగా పోవచ్చును. గేటును చూడక ‘అందరును పోవచ్చును’ అని వ్రాయువాడును తప్పుచేయును. ప్రతి ఆదివారము తన వాకిట అపరిచితుల కార్లు తిరుగుట చూచి విసిగిన రైతు, అంతవరకు తాళములేని గేటుకు తాళము వేయును. అప్పుడు అతని మంచితనముచే నడచుచుండిన ఇరుగుపొరుగువారికి కూడ దారి పోవును.

కొన్ని గుర్తులు నేలమీదనే చదువవలెను. మొంటానాలో గుంజలకు పూసిన నారింజరంగు, టెక్సాసులో ఊదారంగు, ‘అనుమతిలేనిదే రావలదు’ అని చెప్పుటతో సమానము. జాతీయారణ్యములలో దీనికి విపరీతమైన పద్ధతి కలదు. 2005 నాటి నియమమును అనుసరించి అటవీశాఖవారు ఒక్కొక్క అడవికి, మోటారుబండ్లు పోదగిన త్రోవల పటమును ఏ నెలనుండి ఏ నెలవరకో తెలిపి ప్రకటింతురు. అందులేని త్రోవ మూసినట్లే లెక్క. గేటు లేకపోయినను, పలక లేకపోయినను పోరాదు. చలికాలమున ఎల్కు అను పెద్ద దుప్పులు మంచుకొండలు దిగి లోయలలో మేతలేక ఒంటికొవ్వుతో ప్రాణములు నిలుపుకొనుచుండును. అప్పుడు బండ్ల చప్పుడుకు బెదరి పరుగెత్తిన ప్రతిసారియు వాని ఆయువు కొంత తరుగును. మంచు కరగు వేళ బురదబాటలో చక్రములు దిగబడినచో ఆ గాడులు ఏడాదియంతయు నిలుచును.

ఇంతవరకు బాటసారి తప్పులనే చెప్పితిని. నేలగలవాని తప్పు కూడ చెప్పకున్న న్యాయము కాదు. 1862లో పసిఫిక్ రైలుమార్గము వేయుటకై ప్రభుత్వము కంపెనీలకు దారికి ఇరుప్రక్కల బేసిసంఖ్య గల గళ్ళను ఇచ్చి, సరిసంఖ్య గల గళ్ళను తానుంచుకొనెను. అందుచేత ప్రజల గళ్ళు నలువైపుల సొంతనేలతో చుట్టబడి, ఒకదానినొకటి మూలలయందు మాత్రమే తాకుచున్నవి. ఇట్లు మూలలచే బిగింపబడిన ప్రజల నేల పడమటి రాష్ట్రములలో సుమారు 83 లక్షల ఎకరములని 2022లో ఒక పటముల సంస్థ లెక్కగట్టినది. ప్రభుత్వపు నేలకు దారి మూయరాదని 1885లోనే శాసనము వచ్చినను, అది మూలలకు వర్తించునో లేదో తేలలేదు.

వయోమింగులోని ఎల్కు పర్వతముకడ 2020లో కొందరు వేటగాండ్రు అట్టి మూలకు వచ్చిరి. రెండు ఇనుపగుంజలను గొలుసుతో కట్టి ‘రావలదు’ అను పలకలు పెట్టియుండిరి. వారు గుంజలను పట్టుకొని, సొంతనేలపై కాలు మోపక, ఒక ప్రజల గడినుండి రెండవదానిలోనికి తిరిగి దిగిరి. మరునాటి యేట నిచ్చెన చేయించి తెచ్చి, మూలకు ఈవలనుండి ఆవలకు ఎక్కి దిగిరి. నేలను తాకకపోయినను తన నేలపై గాలిలో దూరిరని యజమాని వ్యాజ్యమాడెను. 2022లో జూరీ వారిని నిర్దోషులనెను. 2025 మార్చిలో పైకోర్టు, నేలను తాకక మూల దాటువానిని ఆపుట 1885 శాసనమునకు విరుద్ధమని తీర్పు చెప్పినది. ఆ యేడే అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును విచారించుటకు నిరాకరించినది.

ఆ పైకోర్టు పరిధిలో వయోమింగు, కొలరాడో, యూటా, న్యూమెక్సికో, కాన్సాస్, ఓక్లహోమా రాష్ట్రములు గలవు. మొంటానా లేదు. అచ్చట మూల దాటుట ఇప్పటికిని న్యాయవిరుద్ధమేయని అధికారులు చెప్పుచున్నారు. కావున నేడు పటము చేయువాడు వయోమింగు మూలకడ ఒక మాటయు, సరిహద్దుదాటి మొంటానా మూలకడ వేరొక మాటయు వ్రాసి, తాను చూచిన తేదీని కూడ ప్రక్కన వేయుచున్నాడు.