ఏడిపిస్తే ఎవరు జవాబు చెప్పాలి?

న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనూ, చుట్టుపక్కల ఊళ్లలోనూ తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. అక్కడి ప్రభుత్వ బడిలో ఆరో తరగతి చదివే ఒక పిల్లవాడు లంచ్‌ బాక్సు తెరవగానే పక్కవాడు ముక్కు మూసుకున్నాడనుకుందాం. మర్నాడు మరో ఇద్దరు తోడయ్యారు. వారం తిరిగేసరికి ఆ పిల్లవాడి ఫొటోకి వెక్కిరింత తగిలించి స్నాప్‌చాట్‌లో తిప్పారు. ఇంట్లో తాతయ్య ‘పిల్లలన్నాక మామూలే, పట్టించుకోకురా’ అంటాడు. న్యూజెర్సీ చట్టం అలా అనదు. సంగతి బడి సిబ్బంది చెవిన పడిందంటే రోజుల లెక్క మొదలైనట్టే.

విన్న టీచరు అదే రోజు ప్రిన్సిపాల్‌కి నోటిమాటగా చెప్పాలి, రెండు బడి రోజుల్లో కాగితం మీద పెట్టాలి. ఒక్క రోజులోపు విచారణ మొదలవ్వాలి, రాతపూర్వక ఫిర్యాదు అందిన పది బడి రోజుల్లో ముగియాలి. విచారించేది యాంటీ-బుల్లీయింగ్ స్పెషలిస్టు. ప్రతి బడిలోనూ ఒకరు ఉండి తీరాలి. సాధారణంగా కౌన్సెలరే ఈ బాధ్యత కూడా మోస్తారు. విచారణ ముగిశాక రెండు రోజుల్లో నివేదిక సూపరింటెండెంట్‌కి వెళ్తుంది, తర్వాతి సమావేశంలో స్కూల్ బోర్డు ముందుకొస్తుంది. అక్కడి నుంచి ఐదు బడి రోజుల్లో ఇరువైపుల తల్లిదండ్రులకూ సమాచారం అందాలి. తేల్చినది సరిగా లేదనిపిస్తే బోర్డు ముందు హియరింగ్ అడగొచ్చు, పది రోజుల్లో ఏర్పాటు చేయాలి. అక్కడా న్యాయం జరగలేదనుకుంటే రాష్ట్ర విద్యా కమిషనర్‌కి 90 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు.

ఈ మొత్తం వ్యవహారాన్ని అక్కడి తల్లిదండ్రులు ‘హెచ్‌ఐబీ’ అంటారు. చట్టం వేధింపు (హెరాస్‌మెంట్), బెదిరింపు (ఇంటిమిడేషన్), బుల్లీయింగ్ మూడింటినీ ఒకే గాటన కట్టింది. అందులో శిక్షల కంటే గడువులే ఎక్కువ. ఏడిపించిన పిల్లవాణ్ని ఏం చేయాలన్న దానికన్నా ముందు, బడి ఏం చేసిందన్నదే అది అడుగుతుంది.

అమెరికాలో బుల్లీయింగ్‌ని నేరుగా నిషేధించే జాతీయ చట్టం లేదు. బడులు రాష్ట్రాల చేతిలో ఉంటాయి కాబట్టి ఒక్కో రాష్ట్రం ఒక్కో దారి పట్టింది. 1999 ఏప్రిల్‌లో కొలరాడోలోని కొలంబైన్ హైస్కూల్లో ఇద్దరు విద్యార్థులు జరిపిన కాల్పులు దేశాన్ని కుదిపేశాయి. బడిలో పిల్లల మధ్య ఏం నడుస్తోందన్న చర్చ ఊపందుకుంది. అదే ఏడాది జార్జియా తొలి రాష్ట్ర చట్టం తెచ్చింది. 2015లో మోంటానా కూడా చేరడంతో మొత్తం 50 రాష్ట్రాలూ చట్టాలు చేసినట్టయింది.

జార్జియా నుంచే వచ్చిన మరో మలుపు కూడా 1999 నాటిదే. ఐదో తరగతి బాలికను తోటి విద్యార్థి నెలల తరబడి లైంగికంగా వేధిస్తున్నా బడి పట్టించుకోలేదని తల్లి కోర్టుకెక్కింది. ‘డేవిస్ వర్సెస్ మన్రో కౌంటీ’ కేసులో సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆమె వైపు మొగ్గింది. సంగతి తెలిసీ బడి ఉద్దేశపూర్వకంగా ఉదాసీనంగా ఉండి, ఆ వేధింపు బిడ్డ చదువుకే అడ్డుపడేంత తీవ్రంగా, విస్తృతంగా ఉంటే నష్టపరిహారం కట్టాల్సిందేనంది. గీత చాలా ఎత్తున గీశారన్న విమర్శ వచ్చింది. 2007లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు టామ్స్ రివర్ కేసులో, తమ రాష్ట్ర వివక్ష వ్యతిరేక చట్టం కింద ఆ గీతను కిందికి దించింది. వేధింపు గురించి బడికి తెలిసినా, తెలుసుకోగలిగి ఉన్నా, ఆపడానికి తగిన చర్య తీసుకోకపోతే బాధ్యత బడిదే. నాలుగో తరగతి నుంచీ స్వలింగ సంపర్కుడంటూ తోటివాళ్లు ఎగతాళి చేసిన ఒక అబ్బాయి కేసు అది.

న్యూజెర్సీకి 2002 నుంచే ఒక చట్టం ఉండేది. అయితే విధానం రాసి ఫైలులో పెట్టుకుంటే సరిపోయేది. దాన్ని బిగించాలన్న ముసాయిదా సిద్ధమవుతుండగా 2010 సెప్టెంబరులో రట్గర్స్ విశ్వవిద్యాలయంలో విషాదం జరిగింది. హాస్టల్ గదిలో రహస్యంగా పెట్టిన వెబ్‌క్యామ్ తన ఏకాంతాన్ని బయటపెట్టిందని తెలిసిన మొదటి సంవత్సరం విద్యార్థి ప్రాణాలు తీసుకున్నాడు. నవంబరులో శాసనసభ బిల్లు ఆమోదించింది, 2011 జనవరిలో గవర్నర్ క్రిస్ క్రిస్టీ సంతకం చేశారు. ఆ సెప్టెంబరు 1 నుంచి ‘యాంటీ-బుల్లీయింగ్ బిల్ ఆఫ్ రైట్స్’ అమల్లోకి వచ్చింది.

డబ్బు మాటే ముందుగా తగువు తెచ్చింది. పని పెట్టి పైసా ఇవ్వకపోతే ఎలాగని అలముచీ అనే చిన్న టౌన్‌షిప్ స్కూల్ బోర్డు ఫిర్యాదు చేసింది. ఖర్చు చూపని ఆదేశాలను పరిశీలించే రాష్ట్ర మండలి 2012 జనవరిలో ఆ వాదన సరైనదేనంది. రాష్ట్రం 10 లక్షల డాలర్ల నిధి కేటాయించి చట్టాన్ని నిలబెట్టుకుంది. బడులు ఏటా 78 మార్కులకు తమను తాము బేరీజు వేసుకుని, ఆ మార్కులు వెబ్‌సైటులో పెట్టాలన్న షరతు కూడా ఈ చట్టం తెచ్చినదే.

రెండో తగువు నిర్వచనం మీద. పిల్లల మధ్య ప్రతి గొడవా హెచ్‌ఐబీ కాదు. జాతి, రంగు, మతం, పూర్వీకుల మూలం, వైకల్యం, లైంగికత వంటి ఏదో ఒక ప్రత్యేక లక్షణాన్ని పట్టుకుని చేసినదై ఉండాలి. బడి నడకకో, తోటి విద్యార్థుల హక్కులకో గట్టిగా భంగం కలిగించాలి. బంతి కోసం ఇద్దరు కొట్టుకుంటే అది క్రమశిక్షణ సమస్య. వాళ్లలో ఒకణ్ని యాస పట్టుకుని రోజూ వెక్కిరిస్తే హెచ్‌ఐబీ. ఫిర్యాదులో చెప్పినదంతా నిజమే అనుకున్నా నిర్వచనంలోకి రాదనిపిస్తే ముందే తేల్చేసే వెసులుబాటును తర్వాతి నిబంధనలు ఇచ్చాయి. దాన్ని కాదని కూడా తల్లిదండ్రులు అప్పీలు చేసుకోవచ్చు.

అసలు చిక్కు ఫోనుతో వచ్చింది. రాత్రి పదింటికి ఇంట్లో కూర్చుని పెట్టిన పోస్టుకి బడికేం సంబంధం? మర్నాడు దాని ప్రభావం తరగతిలో కనిపిస్తే ఉంటుందని న్యూజెర్సీ చట్టం అంటుంది. అయితే అమెరికా రాజ్యాంగంలోని మొదటి సవరణ భావప్రకటన స్వేచ్ఛకు గట్టి కాపలా. న్యూయార్క్‌లోని ఆల్బనీ కౌంటీ సైబర్ బుల్లీయింగ్‌ని నేరం చేస్తూ చట్టం చేస్తే, 2014లో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం కొట్టేసింది. తోటి విద్యార్థుల మీద ఫేస్‌బుక్‌లో అసభ్యంగా రాసిన ఒక హైస్కూలు కుర్రాడి కేసు అది. అతను చేసింది మంచిపనేమీ కాదు, కానీ చట్టం అల్లిన వల మరీ పెద్దదని కోర్టు భావించింది.

ఆ తర్వాత 2021లో పెన్సిల్వేనియా నుంచి మహనోయ్ కేసు సుప్రీంకోర్టుకు చేరింది. చీర్‌లీడింగ్ ప్రధాన జట్టులో చోటు దొరకని 14 ఏళ్ల అమ్మాయి ఒక శనివారం కిరాణా కొట్టు దగ్గర నిలబడి బడిని బూతులు తిడుతూ స్నాప్‌చాట్‌లో పెట్టింది. బడి ఆమెను ఏడాది పాటు జూనియర్ జట్టు నుంచి తప్పించింది. అది తప్పని కోర్టు 8-1తో తేల్చింది. అదే తీర్పులో, ప్రత్యేకించి ఒక వ్యక్తిని లక్ష్యంగా చేసుకున్న తీవ్రమైన వేధింపు బడి బయట జరిగినా బడి జోక్యం చేసుకోవచ్చని కూడా చెప్పింది. బడిని తిట్టుకోవడం హక్కు, తోటి పిల్లను వెంటాడటం కాదు. ఈ రెంటి మధ్య ఉన్న జాగాలో కొత్త కేసులు పుడుతూనే ఉన్నాయి.

బడి విచారణతో సంబంధం లేకుండా న్యూజెర్సీలో సైబర్ వేధింపు 2014 నుంచి నేరం. సాధారణంగా 18 నెలల వరకు జైలు. 2022 జనవరిలో మరో చట్టం వచ్చింది. పదహారేళ్లలోపు బిడ్డ ఈ నేరం చేసినట్టు కోర్టులో తేలి, కోర్టు పెట్టిన షరతును తల్లిదండ్రులు పాటించకపోతే మొదటిసారి 100 డాలర్ల వరకు, ఆపైన 500 డాలర్ల వరకు జరిమానా పడొచ్చు. వేధింపు ఫిర్యాదుకి ఆ చట్టం సంఖ్యతోనే ‘338 ఫారం’ పుట్టింది. నింపే వీలు తల్లిదండ్రులకూ ఉంది.

ఇంత తతంగం వల్ల ఒరిగిందేమిటి? 2015లో జామా పీడియాట్రిక్స్ పత్రికలో 25 రాష్ట్రాల హైస్కూలు పిల్లల మీద ఒక అధ్యయనం వచ్చింది. ఏది బుల్లీయింగో, అది ఎక్కడెక్కడ వర్తిస్తుందో వివరంగా రాసిన చట్టాలున్న చోట పిల్లలు వేధింపుకు గురయ్యే సంభావ్యత 24 శాతం, ఆన్‌లైన్ వేధింపుకు 20 శాతం తక్కువని తేలింది. చట్టం వల్లే తగ్గిందని ఇది రుజువు చేయదు. రాతలో స్పష్టత ఉన్న చోట పరిస్థితి మెరుగ్గా ఉందని చూపిస్తుంది. దేశవ్యాప్తంగా 12-18 ఏళ్ల వాళ్లలో బడిలో బుల్లీయింగ్‌కు గురయ్యామన్నవారు 2009లో 28 శాతం, 2019లో 22 శాతం. అప్పటికీ ఐదుగురిలో ఒకరికి పైనే.

పద్ధతి తెలిసిన తల్లిదండ్రులకే ఈ చట్టం ఎక్కువ అక్కరకొస్తుంది. ప్రిన్సిపాల్‌కి ఫోన్లో చెప్పినా, తేదీతో సహా ఈమెయిల్ పంపితే గడువులు లెక్కపెట్టడం తేలిక. పోస్టులు మాయమయ్యేలోపు స్క్రీన్‌షాట్లు తీసుకోవాలి. ఇంగ్లీషు అంతగా రాని పెద్దవాళ్లకు అర్థమయ్యే భాషలో సమాచారం ఇవ్వడం ప్రభుత్వ బడుల బాధ్యత, దుబాసీని అడగొచ్చు. అవతలి పిల్లవాడికి ఏ శిక్ష వేశారో మాత్రం చెప్పరు. విద్యార్థుల రికార్డుల గోప్యతకు 1974 నుంచే సమాఖ్య చట్టం ఉంది. వేధింపు జరిగిందని తేలిందా, చర్య తీసుకున్నారా అన్నంతవరకే తెలుస్తుంది. వివక్ష కోణం ఉంటే సమాఖ్య విద్యాశాఖ పౌరహక్కుల కార్యాలయానికి 180 రోజుల్లోపు ఫిర్యాదు చేయవచ్చు.

ఏడుపులతో విసిగి బిడ్డను ప్రైవేటు బడికి మార్చే తల్లిదండ్రులు మరో సంగతి గమనించాలి. ఈ గడువులు, స్పెషలిస్టు, బోర్డు ముందు హియరింగ్ అన్నీ ప్రభుత్వ బడులకే తప్పనిసరి. ప్రైవేటు బడులు కూడా పాటిస్తే మంచిదని చట్టం ప్రోత్సహించి ఊరుకుంది. అక్కడ ఎంత రక్షణ ఉంటుందన్నది ఆ బడి సొంత నియమావళిని బట్టే ఉంటుంది కాబట్టి, ఫీజు కట్టేముందే దాన్ని అడిగి తీసుకుని చదవాల్సి ఉంటుంది.